విమానాల లెక్కకి పంచాంగం ఎందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను.

శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులు ఇంత శాతం పెరిగారని పేపర్లో చూసి, "ఇది ఎక్కువా, మామూలేనా?" అని అడిగారు కదా. శాతం సంగతి తర్వాత చూద్దాం. ముందు ప్రయాణికుడంటే ఎవరో తేలాలి. పేపర్లో రాయనిది అదే.

రాజమండ్రి నుంచి డల్లాస్ వెళ్తున్న ఒకావిడ ఉందనుకోండి. రాజమండ్రిలో విమానం ఎక్కింది, అక్కడి లెక్కలో ఒకటి. శంషాబాద్‌లో దిగింది, ఒకటి. అక్కడే దోహా విమానం ఎక్కింది, ఇంకొకటి. దోహాలో దిగినందుకు ఒకటి, మళ్లీ ఎక్కినందుకు ఒకటి. డల్లాస్‌లో దిగింది, ఒకటి. మనిషి ఒక్కతే, నాలుగు విమానాశ్రయాల పుస్తకాల్లో కలిపి ఆరుగురయింది. ఇందులో మోసమేమీ లేదు. దిగిన మనిషికి సామాను బెల్టు కావాలి, ఎక్కే మనిషికి సెక్యూరిటీ లైను కావాలి. విమానాశ్రయానికి అవి రెండు వేర్వేరు పనులు, అందుకే రెండుసార్లు లెక్క. సీట్లోంచి లేవకుండా అదే విమానంలో ముందుకు వెళ్లిపోయేవాళ్లని మాత్రం ఒక్కసారే వేస్తారు. ఆ విమానం నడిపే పైలట్లు, అందులో పనిచేసే సిబ్బంది అసలు లెక్కలోకే రారు.

పేపర్లలో రెండు రకాల అంకెలు కలగాపులగం అయ్యేది ఇక్కడే. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ఇచ్చే దేశీయ లెక్క విమాన సంస్థల వైపు నుంచి వస్తుంది. హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లినవాడు అందులో ఒక్కడే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లెక్క విమానాశ్రయాల వైపు నుంచి వస్తుంది. అదే మనిషి హైదరాబాద్‌లో ఒకటి, చెన్నైలో ఒకటి. డీజీసీఏ ప్రకారం 2023లో దేశీయ ప్రయాణికులు 15 కోట్ల పైచిలుకు. అథారిటీ ప్రకారం 2023-24 ఆర్థిక సంవత్సరంలో 30 కోట్ల పైచిలుకు. మూడు నెలలు అటూ ఇటూ ఉన్నా దాదాపు సరిగ్గా రెట్టింపు. ఒక అంకె ఇటునుంచి, ఇంకో అంకె అటునుంచి తీసుకుని "ప్రయాణాలు రెట్టింపయ్యాయి" అని రాస్తే అయిపోయినట్టే.

దేశీయం, అంతర్జాతీయం అన్న విడదీతలో కూడా చిన్న మెలిక ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, అక్కడ విమానం మారి లండన్ పోయేవాడు శంషాబాద్ పుస్తకంలో దేశీయ ప్రయాణికుడే. మనిషి ఎక్కడికి పోతున్నాడన్నది కాదు, ఆ విమానం ఎక్కడికి పోతోందన్నదే లెక్క. అందుకే శంషాబాద్ నుంచి కొత్తగా నేరుగా విదేశీ సర్వీసు మొదలైతే ఆ నెల అంతర్జాతీయ గడి పెరుగుతుంది, దేశీయ గడిలో కాస్త తరుగు కనిపిస్తుంది. జనం కొత్తగా పుట్టుకురాలేదు, గడి మారారంతే. అయితే ఆ గడి మార్పు విమానాశ్రయం వాళ్లకి చిన్న విషయం కాదు. విమానాశ్రయం వాడుకున్నందుకు టికెట్లో కలిపి తీసుకునే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు విదేశం వెళ్లేవాడికి ఎక్కువ. పైగా డ్యూటీ ఫ్రీ దుకాణంలోకి దేశీయ ప్రయాణికుడు అడుగు పెట్టలేడు.

ఇంతకీ ఈ అంకె ఎలా పుడుతుంది? గేటు దగ్గర ఎవరూ నిలబడి తలలు లెక్కపెట్టరు. బోర్డింగ్ పాస్ స్కాన్ చేయగానే విమాన సంస్థ చెకిన్ వ్యవస్థలో ఆ పేరు "ఎక్కాడు" అని పడుతుంది. తలుపు మూశాక ఎంతమంది ఎక్కారు, ఎంత సామాను ఉంది అన్నది లోడ్‌షీట్‌లోకి వెళ్తుంది. విమానం బరువు, తూకం తేలేది దాంతోనే కనుక అందులో తప్పు ఉండనివ్వరు. ఆ సంఖ్యే విమానాశ్రయానికి చేరుతుంది. అక్కడ రన్‌వే మీద దిగిన, లేచిన విమానాల జాబితాతో సరిచూస్తారు. ఏదైనా విమానం ఎదురుగా సంఖ్య ఖాళీగా ఉంటే సంస్థని అడుగుతారు. నెల తిరిగిన కొద్ది రోజుల్లో బయటికొచ్చే అంకెల్ని తాత్కాలికం అనడానికి కారణం ఈ ఖాళీలే. తర్వాత సవరణ వస్తుంది, దాన్ని మాత్రం ఏ పేపరూ వేయదు.

తప్పులు దొర్లే చోట్లు ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. మొదటిది కోడ్‌షేర్. ఒకే విమానానికి రెండు మూడు సంస్థలు తమ తమ నంబర్లు తగిలించి టికెట్లు అమ్ముకుంటాయి. డిస్‌ప్లే బోర్డు మీద ఒకే వరసలో నంబర్లు మారుతూ కనిపించేది అందుకే. నంబరు చొప్పున లెక్కేస్తే అదే జనం రెండుసార్లు పడతారు. కాబట్టి నంబరును నమ్మకూడదు. విమానం ఒంటి మీద రాసి ఉండే రిజిస్ట్రేషన్ గుర్తునీ, అది లేచిన సమయాన్నీ జతచేసి చూడాలి.

రెండోది గడియారం. విమానయానం అంతా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది, మనం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. శంషాబాద్‌లో విదేశీ విమానాల రద్దీ ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున. ఒకటో తారీఖు తెల్లవారుజామున 3 గంటలకి లేచిన విమానం యూటీసీలో ముందు రోజు రాత్రి 9:30కి లేచినట్టు. అంటే పోయిన నెల! కంప్యూటర్ నుంచి జాబితా తీసేవాడు సమయం మార్చడం మరిచిపోతే ఆ తెల్లవారుజాము విమానాలన్నీ పాత నెలలో కలిసిపోతాయి. ప్రతి నెలా అదే తప్పు చేస్తే ఇటు పోయింది అటు వస్తుంది కనుక పెద్దగా తేడా తెలియదు. ఒక నెల ఇలా, ఒక నెల అలా చేసినప్పుడే కొంప మునుగుతుంది.

ఇక పోలికకి వద్దాం. ఈ నెలని పోయిన నెలతో పోల్చడం వల్ల తెలిసేది తక్కువ. మేలో సెలవులు, జులైలో బళ్లు, తగ్గకపోతేనే ఆశ్చర్యం. అందుకే నిరుటి ఇదే నెలతో పోలుస్తారు. అది మెరుగే గానీ అందులోనూ గుంటలున్నాయి.

ఫిబ్రవరిని చూడండి. 2024లో 29 రోజులు, 2025లో 28. రోజుకి అంతే జనం వచ్చినా నెల మొత్తం దాదాపు 3.4 శాతం తగ్గుతుంది. ఆ ఏడాది ఏదైనా విమానాశ్రయం ఫిబ్రవరిలో 8 శాతం పెరిగిందంటే, రోజు సగటున పెరిగింది 12కి దగ్గర. కావాలంటే 108ని 29తో గుణించి 28తో భాగించండి, 111.9 వస్తుంది. అందుకే నెల మొత్తాన్ని రోజులతో భాగించకుండా ఏ పోలికా మొదలుపెట్టకండి.

ఇప్పుడు పంచాంగం తెరవండి. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, ఒకటి అధికం. దాంతో తర్వాతి పండుగలన్నీ వెనక్కి జరిగి దసరా అక్టోబరు 24న, దీపావళి నవంబరు 12న పడ్డాయి. 2024లో దసరా అక్టోబరు 12, దీపావళి అక్టోబరు 31. అంటే 2023లో రెండు నెలలకి పంచిన పండుగ రద్దీ 2024లో చాలావరకు అక్టోబరులోకి వచ్చేసింది. దీపావళి నెలాఖరున పడింది కనుక వెళ్లడం అక్టోబరు లెక్క, తిరిగి రావడం నవంబరు లెక్క. ఈ రెండేళ్ల అక్టోబర్లని విడిగా పోల్చి చెప్పే ఏ శాతాన్నీ నేను నమ్మను. అక్టోబరు, నవంబరు కలిపి ఒకే ముద్దగా పోల్చాలి. 2025లో దసరా ఇంకా ముందుకొచ్చి అక్టోబరు 2న పడింది. మీ బడి సెలవులు సెప్టెంబరులోనే మొదలయ్యాయి కదా, ఊళ్లకి పోయే రద్దీ కూడా సెప్టెంబరుకే జరిగింది.

2026లో అధిక మాసం జ్యేష్ఠానికి వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ రోజుల్లో పెళ్లి ముహూర్తాలు ఉండవు. పెళ్లిళ్లకి తిరిగే జనం విమానాల లెక్కలో చిన్న భాగమేమీ కాదు. 2024 నవంబరు 17న దేశం మొత్తం మీద ఒక్క రోజులో దేశీయ విమానాలెక్కినవాళ్లు మొదటిసారి 5 లక్షలు దాటారు. అది పండుగల తిరుగు ప్రయాణాలూ పెళ్లిళ్లూ కలిసిన కాలం. రంజాన్‌ది ఇంకో దారి. చాంద్రమానమే గానీ అధిక మాసం లేదు కనుక ఏటా 10-11 రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. ఈద్ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. శంషాబాద్ అంతర్జాతీయ లెక్కలో గల్ఫ్ వాటా పెద్దది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పనులకి పోయిన మనవాళ్లతోపాటు ఉమ్రా యాత్రికులూ అందులో ఉంటారు. కాబట్టి మార్చి, ఏప్రిల్ గడులు చూసేటప్పుడు ఇది మరవకూడదు. సంక్రాంతికి ఈ బాధ లేదు. సూర్యుణ్ణి బట్టి వస్తుంది కనుక జనవరి 14, 15 దాటిపోదు.

అమెరికా చదువుల రద్దీ కూడా అలాగే తారీఖులకి కట్టుబడి ఉంటుంది, ఆగస్టులో ఒకటి, డిసెంబరు చివర నుంచి జనవరి దాకా ఒకటి. ఒక్క పిల్లవాణ్ణి సాగనంపడానికి రెండు కార్లలో చుట్టాలు దిగుతారు చూడండి, వాళ్లెవరూ ప్రయాణికుల లెక్కలోకి రారు. పార్కింగ్ ఆదాయంలో మాత్రం చక్కగా కనిపిస్తారు.

పోలికలో అన్నిటికన్నా పెద్ద గుంట 2020. కోవిడ్ వల్ల ఆ మార్చి 25న ఆగిన దేశీయ విమానాలు మే 25న మళ్లీ మొదలయ్యాయి. విదేశాలకి మామూలు సర్వీసులు తిరిగి నడిచింది 2022 మార్చి 27 నుంచి. 2020 ఏప్రిల్‌లో సరుకు విమానాలూ, ప్రత్యేకంగా నడిపినవీ తప్ప ఏమీ లేవు. అలాంటి నెలని కింద పెట్టి భాగిస్తే ఏమవుతుంది? వెయ్యి మంది లక్ష మందైతే 9,900 శాతం పెరుగుదల. లెక్క తప్పు కాదు, అర్థమే లేదు. అందుకే రెండు మూడేళ్లపాటు అందరూ 2019తో పోల్చారు. అదీ మచ్చలేని ఏడాదేమీ కాదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, ఆ తర్వాత కొన్నాళ్లు సీట్లు తక్కువ, ధరలు ఎక్కువ. శంషాబాద్ ఏడాది లెక్కలు వరసగా చూస్తే ఆ గుంట స్పష్టంగా కనబడుతుంది. 2019-20లో 2 కోట్ల 10 లక్షలకు పైగా, మరుసటి ఏడు 80 లక్షల చుట్టుపక్కల, 2022-23కి మళ్లీ 2 కోట్ల 10 లక్షల దరిదాపులకి, 2023-24లో 2.5 కోట్లు, 2024-25లో దాదాపు 2.9 కోట్లు. ఈ ఆఖరి అంకెని 365తో భాగిస్తే రోజుకి 80 వేలు. 2008 మార్చి 23న తెరిచినప్పుడు ఆ టెర్మినల్ ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టింది. అక్కడి క్యూలు ఎందుకు పెరిగాయో, ఎందుకు విస్తరించారో ఈ రెండు అంకెలే చెప్తాయి.

శంషాబాద్‌ని నడిపే జీఎంఆర్ ఢిల్లీనీ, గోవాలో మోపానీ నడుపుతోంది. ఇండోనేషియాలో మెడాన్ విమానాశ్రయంలోనూ దానికి భాగం ఉంది. ఇలాంటి సంస్థ అన్నీ కలిపి ఒక మొత్తం చెప్పినప్పుడు, పోయినేడు ఆ జాబితాలో ఏవి ఉన్నాయో చూడాలి. మోపాలో విమానాలు 2023 జనవరి 5న మొదలయ్యాయి. ఆ రోజు నుంచి మొత్తం పెరిగింది, కానీ గోవాకి వచ్చేవాళ్లలో కొంతమంది అంతకుముందు గోవా పాత విమానాశ్రయం దబోలింలో దిగినవాళ్లే. విశాఖ దగ్గర భోగాపురం కూడా ఈ సంస్థ చేతిలోనిదే. అదొచ్చి కలిసిన నెల శాతం ఎగిరిపడితే, పాత విశాఖ విమానాశ్రయం జనమే ఇటు వచ్చారని మీరే చెప్పేయగలగాలి. రెండేళ్లలోనూ ఉన్న విమానాశ్రయాలని మాత్రమే పక్కపక్కన పెట్టి చూడటమే దీనికి మందు.

విమానాశ్రయాల లెక్కల్లోనే ఏటీఎం అని ఇంకో వరస ఉంటుంది. డబ్బులిచ్చేది కాదు, విమానాల రాకపోకల సంఖ్య. దిగితే ఒకటి, లేస్తే ఒకటి. జనం పెరిగినా ఈ సంఖ్య తగ్గొచ్చు. 78 సీట్ల ఏటీఆర్‌లు పది నడిచే చోట 232 సీట్ల ఎయిర్‌బస్ 321లు నాలుగు పెడితే సీట్లు 780 నుంచి 928కి పెరుగుతాయి, విమానాలు పది నుంచి నాలుగుకి పడిపోతాయి. ప్రయాణికుల్ని రాకపోకలతో భాగిస్తే విమానానికి సగటున ఎంతమందో వస్తుంది. ఆ సగటు పెరుగుతూ రన్‌వే మీద ఖాళీ దొరకని చోట, పెద్ద విమానాలు తెచ్చి సర్దుకుంటున్నారని అర్థం. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం టైంటేబుళ్లు మారతాయి కనుక ఇలాంటి మార్పులు ఎక్కువగా ఏప్రిల్, నవంబరు అంకెల్లో బయటపడతాయి.

మీ నోటుపుస్తకంలో ఒక పేజీకి ఏడు గడులు గీయండి: నెల, రోజులు, దేశీయం, అంతర్జాతీయం, రాకపోకలు, రోజు సగటు, పక్కన ఒక వెడల్పాటి గడి. ఆ వెడల్పు గడిలో పండుగలు, సెలవులు, ముహూర్తాలు, మూతపడ్డ సంస్థలు, కొత్త సర్వీసులు పెన్సిల్‌తో రాసుకోండి. పన్నెండు నెలలు నిండాక, ప్రతి నెలా గడిచిన పన్నెండు నెలల మొత్తాన్ని కింద వేస్తూ పోండి. పండుగ ఎటు జరిగినా చాలావరకు ఆ పన్నెండులోనే ఉంటుంది గనుక ఆ గీత పెద్ద ఎగుడుదిగుళ్లు లేకుండా సాగుతుంది. తాత్కాలిక అంకెల్ని కూడా పెన్సిల్‌తోనే రాయండి, సవరణ వస్తే చెరపాలిగా. వచ్చే సెలవుల్లో పుస్తకం తీసుకురండి, చూస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య