సబ్సిడీ డబ్బులు, గోడ మీద లిస్టు: మా ఊర్లల్లో తిరిగే అపోహలు

అనంతపురం జిల్లాలో రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ అసిస్టెంట్‌గా చేస్తున్నా. విత్తనం బుడ్డలు (వేరుశెనగ) ఇచ్చేటప్పుడు, పీఎం కిసాన్ పడేటప్పుడు ప్రతిసారీ అవే మాటలు వినబడతాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: ఎవరికెంత పడిందో బయట పెడితే రైతు పరువు పోతుంది, అది ఆఫీసు గుట్టు.

దీన్ని మా స్టాఫ్‌లో కూడా కొందరు నమ్ముతారు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 12వ అంశం తీసి చదవండి, సబ్సిడీ పథకం ఎట్లా నడుస్తోంది, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అనేది ఎవరూ అడక్కముందే ఆఫీసే బయట పెట్టాలని ఉంది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు మాత్రం అందరికీ కనబడేలా పెట్టకూడదు. 2023 డేటా చట్టం వచ్చింది కదా ఇంక ఏమీ చెప్పరంట అని కొందరంటున్నారు, ఆ చట్టం మార్చింది వ్యక్తిగత సమాచారం గురించి చెప్పే 8(1)(జె)ని, ఈ 4(1)(బి)ని కాదు. పెట్టలేదంటే దరఖాస్తు రాయండి, మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10, జవాబుకు గడువు 30 రోజులు.

అసలు లిస్టు అవసరం పేరున్నోళ్ల కంటే పేరు లేనోళ్లకే ఎక్కువ. ఒక ఏడు ఈ-క్రాప్ లిస్టు, అంటే ఎవరి చేనిలో ఏ పంట ఉందో మేం నమోదు చేసిన లిస్టు, అంటించిన రోజు ఒక అవ్వ వచ్చింది, చదువు రాదు, మనవడితో వేలు పెట్టించి చదివించుకుంది. మూడెకరాల్లో బుడ్డలు, సాళ్ల మధ్యలో కంది వేసింది, లిస్టులో ఆ సర్వే నంబరు ఎదురుగా పంట లేదు అని ఉంది. తప్పు మా వైపుదే. అభ్యంతరాల గడువు ఇంకా ఉంది కాబట్టి ఆ సాయంత్రమే చేనికాడికి పోయి ఫోటో తీసి సరిచేశాం. అదే లిస్టు బీరువాలో ఉండుంటే ఆమెకు తెలిసేది కరువు డబ్బులు పక్కింటోళ్లకు పడినాకే, అప్పటికి చేనిలో కట్టె కూడా ఉండదు, ఏం చూపించి అడగాలి?

అపోహ: స్టేటస్‌లో పడింది అని ఉంది, పాస్‌బుక్‌లో లేదు, మధ్యలో ఎవరో తినేశారు.

తినేసినవి అసలు ఉండవని నేను అనను, కానీ మా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ వేరే. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు మీరు జిరాక్స్ ఇచ్చిన ఖాతాకు పోదు, మీ ఆధార్‌కు ఆఖరున ఏ బ్యాంకు లింక్ అయిందో దానికి పోతుంది. ఎప్పుడో ఊర్లోకి మిషన్ తెచ్చినోళ్ల దగ్గర వేలిముద్ర వేసి తెరిచిన జీరో ఖాతా ఉంటుంది, మనమే మర్చిపోయి ఉంటాం, పీఎం కిసాన్ 2,000 రూపాయలు అందులో పడి ఉంటాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు చూపిస్తుంది, ఎవరి మీదైనా అరవకముందు అది చూసుకోండి.

అపోహ: ఇన్‌పుట్ సబ్సిడీ, ఇన్సూరెన్స్ ఒకటే.

కాదు. ఇన్సూరెన్స్ పాలసీ లెక్క ప్రకారం వస్తుంది. ఇన్‌పుట్ సబ్సిడీ విపత్తు సాయం, కేంద్రం నిబంధనలో పంట 33 శాతం, ఆపైన పోతేనే, అదీ 2 హెక్టార్ల వరకే.

అపోహ: పట్టా ఉంటే పీఎం కిసాన్ వస్తుంది, చేను చేసేటోళ్లకూ వస్తుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకు రాదు, ఒక కుటుంబంలో భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా రాదు, కౌలు రైతుకు అసలే రాదు. నాకు బాధగా ఉండేది ఇక్కడే, ఎండలో నిలబడేది కౌలుకు చేసేటోళ్లు, పేరు మాత్రం భూమి యజమానిది. రాష్ట్రం ఇచ్చే కౌలు కార్డు 11 నెలలకే, దానితో భూమి మీద హక్కు రాదు. అయినా ఆ కార్డు కాగితం మీద సంతకం పెడితే భూమి పోతుందని యజమానులు భయపడతారు. మీ చేను కౌలుకు ఇచ్చి ఉంటే ఈ సీజన్ ఈ-క్రాప్ మొదలయ్యేలోపు మా కేంద్రానికి ఇద్దరూ కలిసి రండి, ఆ కాగితంలో ఏముందో చదివి వినిపిస్తా.