ఫ్యాక్టరీ మూతపడింది, పింఛను కూడానా? అపోహలు - వాస్తవాలు

"ఫ్యాక్టరీయే నేదు, ఇంక పింఛనేటి బాబూ?"

విశాఖ కంచరపాలెంలో మా అరుగు మీద ఈ మాట వినపడని వారం లేదు. నేను కోయంబత్తూరులో రింగ్ ఫ్రేములు, అంటే నూలు వడికే యంత్రాలు, తయారుచేసే ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో పనిచేశాను. మనవైపు నుంచి బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చిన ఫిట్టర్లు, టర్నర్లు, మౌల్డర్లు అక్కడ చాలామందే ఉండేవారు. ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. అప్పటి కుర్రాళ్ళకి ఇప్పుడు 58 నిండుతున్నాయి. పీఎఫ్ కాగితాలు రాసిపెట్టమని ఒక్కొక్కరూ వస్తున్నారు. వచ్చేవాళ్ళ బాధ లేదు. "అదెక్కడొస్తుందిలే" అన్న ఎవడి మాటో నమ్మి రాకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళ గురించే నా బాధంతా.

అపోహ: కంపెనీ పోయింది కాబట్టి డబ్బూ పోయింది. సంతకం పెట్టే మేనేజరే లేడు.

వాస్తవం: పోలేదు. మీ జీతంలో పట్టుకున్నది కంపెనీ బీరువాలో దాచలేదు, నెలనెలా పీఎఫ్ ఆఫీసుకి కట్టారు. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను నిధికి వెళ్ళింది. పట్టుకుని కట్టని యజమానులూ ఉన్నారు, అది వేరే గొడవ. ఇప్పుడున్న పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. అంతకుముందు 1971 నాటి కుటుంబ పింఛను పథకంలో ఉన్నవాళ్ళకి ఆ సర్వీసు కూడా కలుస్తుంది. అన్నీ కలిపి 10 ఏళ్ళుంటే, 58 నిండిన దగ్గర్నుంచి బతికినంత కాలం పింఛను. తరవాత భార్యకి. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది.

మూతపడిన కంపెనీ అయితే, పింఛనుకి పెట్టుకునే 10డీ ఫారం మీద గెజిటెడ్ అధికారో, పోస్టుమాస్టరో, మీ ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరో సంతకం పెడితే సరిపోతుంది. ఇంకో భయం, పింఛను కోసం నెలనెలా కోయంబత్తూరు వెళ్ళాలేమోనని. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అయినా పరవాలేదు. మన గోపాలపట్నంలోనే తీసుకోవచ్చు.

అపోహ: కాగితాలు లేవు. ముసలాడి జ్ఞాపకం ఎవడిక్కావాలి?

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నారు. మొదట్లో నేనూ ఈ తప్పే చేశాను. ఒకాయన "95లో మానేశానండి" అంటే అదే రాసి పంపాను, రికార్డుతో కలవక తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఎవరినీ ఏడాది అడగను. ఏం జరిగిందో అడుగుతాను.

కిందటేడు ఒక ఫిట్టరు వచ్చాడు. కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో ఉండేవట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి ఇంటి రేకులు లేచిపోయి పెట్టె నిండా నీళ్ళు నిలిచాయి. "ఎనిమిదేళ్ళు చేసుంటాను బాబూ. పదేళ్ళు నేవు కదా, వొచ్చిందేదో తీసేసుకోమంటన్నాడు మా బావమరిది" అన్నాడు.

ముందు నువ్వు చేసిన పనేమిటో చెప్పమన్నాను. ముందున్న స్టీలు గ్లాసు దగ్గరకి లాక్కుని, నా పెన్ను తీసి అందులో నిలువుగా పట్టుకున్నాడు. "గ్లాసు రింగనుకో. పెన్ను స్పిండిలు. ఇది సరిగ్గా నడిమద్దిన నిలబడాలి. తలెంట్రుకంత పక్కకెళ్ళినా దారం తెగిపోతాది. ఫ్రేముకి ఎన్ని వందలుంటాయో అన్నీ ఇలాగే చూసుకోవాల" అన్నాడు. అంతసేపూ పెన్ను కదల్లేదు. ఆ చేతికి పాతికేళ్ళ కిందటి పని గుర్తుంది గానీ ఆ మనిషికి ఏడాది గుర్తులేదు.

"బండెక్కేముందు ఊళ్ళో ఏం చూశావు?" అన్నాను. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజీలాండ్ మ్యాచ్, శ్రీకాంత్ 5 వికెట్లు. ఆ వారంలోనే ప్రయాణం. అంటే 1988 డిసెంబరు.

"కోయంబత్తూరులో బాంబులు పేలినప్పుడు అక్కడున్నావా?"

"ఉన్నాను బాబూ. మూడ్రోజులు రూములోంచి బయటకి రానేదు." 1998 ఫిబ్రవరి 14 అది.

"మరి వచ్చేసిందెప్పుడు?"

"ఆ మరుసటేడు దీపావళి బోనసు తీసుకుని వొచ్చేసేను. ఒరిస్సాలో పెద్ద తుఫానొచ్చి జనం పోయేరు సూడు, అప్పుడే."

1999 నవంబరు. పదేళ్ళ పదకొండు నెలలు! బావమరిది మాట విని ఎనిమిదేళ్ళని రాసిచ్చుంటే ఆ పింఛను కోసం ఎన్నేళ్ళు తిరిగేవాడో. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను నెలకి 1000 రూపాయలు. ఆయన పాత జీతానికి వచ్చేది కూడా ఇంచుమించు అంతే. అదొక లెక్కా అనేవాళ్ళు ఆయనింట్లో బీపీ మాత్రలు ఎవరు కొంటున్నారో అడగండి.

జ్ఞాపకం ఒక్కదానికే పింఛను ఇవ్వరు. ఏ కాగితం ఎక్కడ వెతకాలో అది చెబుతుంది. ఏడాది తెలిస్తే 3ఏ లెక్కలు (ఏటేటా కట్టిన పీఎఫ్ చిట్టా), 9వ నంబరు ఫారం (సభ్యుల వివరాలది) తీయించమని పీఎఫ్ ఆఫీసుని అడగొచ్చు. ఏడాది తెలియకుండా "చూడండి బాబూ" అంటే ఎవరు మాత్రం ఏం చూస్తారు?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"పేరు తప్పుంది, ఇంక రాదు." సరిదిద్దుకోవచ్చు. అరవదేశంలో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులో మొదటి అక్షరమే ఇనీషియలు. మన అప్పలరాజుల్ని అక్కడి గుమస్తాలు "ఎ. రాజు" అని రాసి పడేశారు. అప్పల అంటే వాళ్ళ నాన్న పేరనుకున్నారు పాపం! ఆధార్‌కి సరిపోయేలా ఉమ్మడి డిక్లరేషన్ (వివరాలు సరిదిద్దమనే అర్జీ) పెట్టుకోవాలి.

"అప్రెంటిస్‌గా చేసిన ఏళ్ళు కూడా కలుస్తాయి." చట్ట ప్రకారం అప్రెంటిస్ అయితే కలవవు. వాళ్ళకి పీఎఫ్ పట్టరు.

"ఏజెంటుకి ఇంత శాతం ఇస్తేనే పనవుతుంది." కాదు. క్లెయిముకి ఫీజు లేదు. ఆ మనిషి మీకంటే ఎక్కువ చేసేది మర్రిపాలెం పీఎఫ్ ఆఫీసు దాకా ఆటోలో వెళ్ళి రావడమే.

ఆ ఫిట్టరు మొన్న మళ్ళీ వచ్చాడు. పీఎఫ్ నంబరు దొరికిందా అని నేనడిగేలోపే జేబులోంచి హాజరుకిచ్చే ఇత్తడి టోకెను తీసి బల్ల మీద పెట్టాడు. మా ఫ్యాక్టరీదే. అంకెలు అరిగిపోయినా కనపడుతున్నాయి. మా పీఎఫ్ రిజిస్టరు టోకెను నంబర్ల వరసలోనే ఉండేది, ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నాకు సగం పని తప్పేది.

"పని మానేసిన రోజు ఇది టైమాఫీసులో అప్పగించాలి కదయ్యా?" అన్నాను.

"పోయిందని చెప్పేను బాబూ. మీరే నా లెక్కలో ఇరవై రూపాయలు కోసేరు."