ఇంటర్‌ఫెరాన్ ఆలస్యమైతే

ఒకే వైరస్ ఒకరిని జలుబుతో వదిలిపెట్టి మరొకరిని వెంటిలేటర్ దాకా ఎందుకు తీసుకుపోతుందని పాఠకులొకరు అడిగారు. వయసు, మధుమేహం వంటి కారణాలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నిన్నటిదాకా గుండురాయిలా ఉన్న మనిషి ఉన్నట్టుండి కూలిపోవడంలోనే అసలు చిక్కు ఉంది. దాన్ని నుదుటి రాత అని సరిపెట్టుకునేవారికి ఏ జవాబూ అక్కరలేదు. తక్కినవారు ఇంటర్‌ఫెరాన్ సంగతి తెలుసుకోవాలి.

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్న ఈ ప్రోటీను వైరస్‌ను నేరుగా చంపదు. వైరస్ చొరబడిన కణంలో టీఎల్ఆర్3 వంటి గ్రాహకాలు వైరస్ ఆనవాలైన జంటపోగుల ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి ఐఆర్‌ఎఫ్3, ఐఆర్‌ఎఫ్7 ప్రోటీన్లను ప్రేరేపించగా, ఆ కణం ఇంటర్‌ఫెరాన్‌ను బయటికి వదులుతుంది. అది పొరుగు కణాల పైపొరను తాకగానే వాటిలోని స్టాట్1, స్టాట్2 అనే ప్రోటీన్లు కేంద్రకంలోకి చేరి వందలాది జన్యువులను మేల్కొలుపుతాయి. వాటి ఫలితంగా తయారయ్యే పీకేఆర్ అనే ప్రోటీను, వైరస్ వచ్చినట్టు తేలితే, ప్రోటీన్ల తయారీని నిలిపివేస్తుంది. ఓఏఎస్ అనే మరో ప్రోటీను ప్రేరణతో ఆర్‌నేజ్-ఎల్ అనే ఎంజైము ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. కణం యంత్రాంగాన్ని వాడుకుని బతికే వైరస్‌కు ఆ యంత్రాంగమే ఆగిపోతే పని సాగదు.

ఈ వరుసలో ఏ మెట్టు విరిగినా కథ మారుతుంది. టీఎల్ఆర్3 లోపించిన కొందరు పిల్లలకు హెర్పిస్ వైరస్‌తో మెదడువాపు వస్తుందని 2007లో తేలింది. విచిత్రమేమంటే, వారిలో చాలామంది మిగిలిన వైరస్‌లను మామూలుగానే తట్టుకుంటారు. రక్తకణాలకు వేరే గ్రాహకాలున్నాయి, మెదడు కణాలు మాత్రం దీనిమీదే ఆధారపడతాయి. ప్రాణాంతకమైన ఫ్లూ బారిన పడిన ఒక చిన్నారిలో ఐఆర్‌ఎఫ్7 జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి ఉన్నాయని 2015లో గుర్తించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినా, చెరొక మంచి ప్రతి మిగిలి ఉన్న ఆ తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉన్నారు.

జన్యువులు బాగున్నా ఇదే లోపం మరో దారిన రావచ్చు. 2020లో తీవ్ర కోవిడ్ న్యుమోనియా రోగులు 987 మందిని పరీక్షించగా, 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. వారిలో 95 మంది పురుషులు. స్వల్ప లక్షణాలున్న, లేదా అసలు లక్షణాలే లేని 663 మందిలో ఒక్కరికీ అవి లేవు. ‘రోగనిరోధక శక్తిని పెంచుతాం’ అనే ప్రకటనలు దేన్ని పెంచుతాయో చెప్పవు. ఇక్కడ రోగనిరోధక వ్యవస్థే తన తొలి కవచాన్ని తానే తినేస్తోంది.

ఆ యాంటీబాడీలు ఎక్కువగా ఇంటర్‌ఫెరాన్‌లలో ఆల్ఫా, ఒమేగా రకాలను పట్టుకుని బీటాను వదిలేస్తాయి. అందుకే అటువంటివారికి వైరస్ ఊపిరితిత్తుల్లో విస్తరించకముందే, అంటే తొలి రోజుల్లోనే, బీటా ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూడవచ్చునన్న ఆలోచన పుట్టింది.