తలసరి ఆదాయం: పుట్టేది ఒకచోట, చేరేది మరోచోట

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏటా వెలువరించే సామాజిక ఆర్థిక సర్వేలో జిల్లాల తలసరి ఆదాయాల పట్టిక ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి అందులో విశాఖపట్నం పై వరుసలో, శ్రీకాకుళం అట్టడుగు వరుసల్లో కనిపిస్తూ వచ్చాయి. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఇంత దగ్గరలో ఇంత తేడా ఎలా నిలిచింది? ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూడాలి. చాలామంది దాన్ని జిల్లా ప్రజల సంపాదన అనుకుంటారు. నిజానికి అది జిల్లా సరిహద్దుల లోపల ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చేది. సరుకు ఎక్కడ తయారైందన్నదే అక్కడ లెక్క. ఆ డబ్బు చివరికి ఏ ఇంటికి చేరిందో ఆ పట్టిక అడగదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. పెద్ద బోట్లు నిలుపుకునే హార్బరు మాత్రం దశాబ్దాలుగా లేదు. అందుకే ఎచ్చెర్ల, గార మండలాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి, అక్కడి యజమానుల బోట్లపై వేట చేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ అదుపులోకి తీసుకుని 2020 జనవరిలో విడిచిపెట్టిన ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువ మంది ఈ జిల్లా వారే. వాళ్లు పట్టిన చేప విలువ గుజరాత్ ఉత్పత్తిలో చేరుతుంది. ఇంటికి పంపిన సొమ్ము శ్రీకాకుళం ఉత్పత్తిలోకి రాదు. ఆ సొమ్ముతో ఊళ్లో ఇల్లు కట్టుకుంటే తాపీ మేస్త్రి పని మాత్రం ఆ లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణాల్లో చెమటోడ్చే మన కూలీల సంగతీ ఇంతే.

దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. అక్కడి ఉత్పత్తి విలువ జిల్లా ఖాతాలో పడుతుంది. లాభం మాత్రం వాటాదారులు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కాబట్టి ఆ ఒక్క అంకె ఒకపక్క మన వాళ్ల కష్టాన్ని వదిలేస్తుంది, మరోపక్క మనకు దక్కని సొమ్మును మన పేరున రాస్తుంది.

పలాస జీడిపప్పు వ్యవహారం చూస్తే జిల్లా లోపలి సంగతి కూడా తెలుస్తుంది. పిక్కను ఉడికించి, గుల్ల కోసి, పప్పు ఆరబెట్టి, పొట్టు తీసి, చివరికి గ్రేడింగ్ చేస్తారు. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఇంకొకవైపు. డబ్ల్యూ 320 అంటే పౌను (సుమారు 450 గ్రాముల) బరువుకు 320 దాకా గుండ్లు తూగే రకం. డబ్ల్యూ 180 అంటే అంతకన్నా లావు గింజ, ధర కూడా ఎక్కువే. పప్పు విరగకుండా పొట్టు తీయడంలోనే ఆ ధర నిలబడుతుంది, ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. పిక్క కొన్న ధరకూ పప్పు అమ్మిన ధరకూ మధ్య తేడాలోంచి ఇతర ఖర్చులు తీసేయగా మిగిలేదే జిల్లా ఉత్పత్తికి చేరే విలువ. అందులో యజమాని లాభమెంతో, పొట్టు తీసిన చేతులకు దక్కిందెంతో సగటు చెప్పదు.

అయినా తేడా మొత్తం లెక్కల మాయ అనుకోకూడదు. అది నిజమైనదే, పాతదే. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కాలువ నీటితో డెల్టాలో వరి మిగులు, మిగులుతో వ్యాపారం, వ్యాపారంతో చదువులు, పెట్టుబడులు వచ్చాయి. ఇక్కడ వంశధారపై గొట్టా బ్యారేజీ స్వాతంత్ర్యం వచ్చాకే వచ్చింది. పైగా ఇది విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల నేల. జమీందారీ వ్యవస్థ నడిచిన భారతీయ జిల్లాల్లో, ఆ వ్యవస్థ రద్దయిన దశాబ్దాల తర్వాత కూడా పంట దిగుబడులు, ప్రజా సౌకర్యాలు వెనకబడే ఉన్నాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. శిస్తు వసూలు పద్ధతి అంత దూరం వెంటాడుతుందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ అంతరం తనంతట తాను పూడుతుందా? అమెరికా రాష్ట్రాల చరిత్రను పరిశీలించిన ఆర్థికవేత్తలు బారో, సాలా-ఇ-మార్టిన్ అంతరం ఏటా సుమారు 2 శాతం చొప్పున తగ్గుతుందన్నారు. ఆ వేగంతో సగం తగ్గడానికే 35 ఏళ్లు కావాలి. 1965లో జెఫ్రీ విలియంసన్ ప్రాంతాల మధ్య తేడా అభివృద్ధి తొలిదశలో పెరిగి, తర్వాత తగ్గుతుందన్నారు. 1957లోనే గున్నార్ మిర్డాల్ మరో మాట హెచ్చరికగా చెప్పారు: ముందున్న ప్రాంతం వెనకబడిన ప్రాంతం నుంచి చదువుకున్న యువతనూ, పొదుపునూ లాక్కుంటుంది, కాబట్టి తేడా తనను తానే పెంచుకుంటుంది. ఉత్తరాంధ్రను చూసిన వారికి మిర్డాల్ మాట వివరించనక్కర్లేదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మంది పురుషులకు 993 మంది స్త్రీలుంటే శ్రీకాకుళంలో 1,015, విజయనగరంలో 1,019 మంది ఉన్నారు. వలస ఒక్కటే కారణం కాకపోవచ్చు, కానీ మగవాళ్లు బయట ఉన్న ఊళ్లు ఇక్కడ కొత్త కాదు.

రాష్ట్ర విభజన తర్వాత వెనకబడిన ఏడు జిల్లాలకు కేంద్రం జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున ప్రత్యేక సాయం ప్రకటించింది. శ్రీకాకుళం జనాభా 2011లో 27 లక్షలు. భాగించి చూడండి, తలకు ఏడాదికి 185 రూపాయలు. మిర్డాల్ చెప్పిన ప్రవాహాన్ని ఎదురు తిప్పడానికి ఇది ఏ మూలకు?

పైగా జిల్లా అన్న గీత కదులుతుంది. 2022 ఏప్రిల్ 4న పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి, రాజాం ప్రాంతం విజయనగరంలో కలిసింది. ఆ రాత్రి ఏ రైతు సంపాదనా మారలేదు, మూడు జిల్లాల సగటులు మాత్రం మారిపోయాయి. అసమానతను జిల్లాల మధ్య వాటాగా, జిల్లా లోపలి వాటాగా విడదీసి చూపగల కొలత ఉంది. 1967లో హెన్రీ థైల్ ఇచ్చిన సూచీ అది. దాన్ని వాడాలంటే జిల్లాకు ఒక సగటు చాలదు, లోపలి ప్రాంతాల, కుటుంబాల వివరాలు కావాలి. కుటుంబం ఉన్నచోటే దాని ఖర్చును లెక్కించే గృహ వినియోగ సర్వేలు దేశంలో జరుగుతూనే ఉన్నాయి. వాటి నమూనాను మండలానికి సరిపడేంతగా పెంచి, ఉత్పత్తి పట్టిక పక్కనే అచ్చు వేయాలి. వేరావల్ నుంచి ఇంటికి వచ్చే డబ్బుతో బతికే కుటుంబమూ, సీతంపేట కొండ మీద పోడు చేసుకునే కుటుంబమూ అప్పుడే ప్రభుత్వ లెక్కలో కనిపిస్తాయి.