ఊరు ఆడితే ఊరికేమొస్తుంది: సిరిమాను నుంచి జడ కోలాటం దాకా

ఊళ్ళో కోలాటం నేర్పిస్తాం, పిల్లలతో నాటకం వేయిస్తాం, గోడల మీద మీచేతే బొమ్మలు వేయిస్తాం అని ఎవరైనా వస్తే పంచాయతీలో ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: దానివల్ల మనకేంటి? ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాలువ పూడిక తీస్తే నీళ్ళు కనబడతాయి, ఆటపాటల లాభం అలా కనబడదు. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళం దీనికి జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన చరిత్రలోనే బోలెడంత ఉంది. కాకపోతే ఆ చరిత్రని చూసేటప్పుడు ఏం ఆడారు అన్నదానికంటే ఎవర్ని ఆడనిచ్చారు అని అడగాలి. లాభం ఎవరికి దక్కిందో అక్కడే తెలుస్తుంది.

మొదట సంబరాలు. మనవైపు అమ్మవారి సంబరం అంటే చందా దగ్గర్నుంచి ఘటం మోసే దాకా ఊరందరి పని. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానే చూడండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పూజారి సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను చివర కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు, లక్షల మంది చూసేది దాన్నే. దాని ముందు నడిచేవి చాలామంది పట్టించుకోరు: పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. ఒక్కో దాని వెనక ఒక్కో జట్టు ఉంటుంది, తమ వంతు తప్పితే సంబరం ఆగిపోతుందన్నంత బాధ్యతగా చేస్తారు. ముందురోజు తొలేళ్ళ రాత్రి రైతులు అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకుని పొలంలో చల్లే వాటిలో కలుపుకుంటారు. ఇంతమందికి ఇందులో పని ఉంది కాబట్టే అది ఇన్నాళ్ళు నిలబడింది.

అయితే దీన్ని చూసి ఆ రోజుల్లో అందరూ కలిసిమెలిసి ఉండేవారని చెప్పుకోవడం నాకు నచ్చదు. ఎవరి పని ఏదో కులం ముందే రాసిపెట్టింది. డప్పు లేకుండా ఏ ఊరేగింపూ కదలదు, ఆ డప్పు కొట్టినవాడు మాత్రం గుడి బయటే నిలబడ్డాడు. ఆడవాళ్ళు ఘటం ఎత్తారు, వేషం కట్టనివ్వలేదు. పాల్గొన్నారు కానీ ఏం చెయ్యాలో నిర్ణయించే చోట వాళ్ళకి మాట లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

తర్వాతి పెద్ద మలుపు విజయనగరంలోనే. 1892లో గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కాన్ని జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు మొదటిసారి ఆడారు, అచ్చయింది 1897లో. ఆ నాటకం ఊరికే పుట్టలేదు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ లెక్క మహారాజా వారు తీయిస్తే మూడేళ్ళలో 1034 అని తేలింది, గురజాడ తన పీఠికలో ఆ లెక్క చెప్పారు. ఏడాది నిండీ నిండని పసిపిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆ సంగతిని ఆ ఊరి మనుషులు మాట్లాడే తెలుగులోనే, ఆ ఊరి వేదిక మీదే పెట్టారు. తమ వీధిలో రోజూ వినబడే మాట రంగస్థలం మీద వినబడితే ప్రేక్షకుడికి ఎంత సూటిగా తగులుతుందో ఊహించుకోండి. కానీ మళ్ళీ అదే ప్రశ్న: ఆడిందెవరు? చదువుకున్న మగవాళ్ళు. ఆ రోజుల్లో ఆడవేషాలు కట్టేదీ మగవాళ్ళే. అమ్ముడుపోయిన పిల్లల గురించిన నాటకంలో ఒక్క ఆడపిల్లకీ చోటు లేదు.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. గొప్ప సంస్థ, అందులో సందేహం లేదు. కానీ నా ఈ కథకి మాత్రం అది పక్కదారే, ఎందుకంటే మన జనం వాద్యాలైన జముకు, తప్పెట, డప్పు అప్పటికీ వీధుల్లోనే ఉన్నాయి.

వాటిని నెత్తికెత్తుకున్నది 1960ల్లో వచ్చిన శ్రీకాకుళం గిరిజన, రైతు ఉద్యమం. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, అమ్మవార్ల కథలు చెప్పే జముకుల కథలోకి భూమి, అప్పు, వెట్టి తీసుకొచ్చాడు. 1969 డిసెంబరులో కాల్పుల్లో చనిపోయాడు. ఆయన రాజకీయాలతో మీరు ఏకీభవించొచ్చు, ఏకీభవించకపోవచ్చు, ఇక్కడ చూడాల్సింది వేరే. జముకు లోపల తీగ లాగితే వచ్చే ఆ మోత కొండకింది ఊళ్ళలో పుట్టినప్పటినుంచి విన్నదే, అందుకే పాట అర్థం కావడానికి ఎవరూ వివరించక్కర్లేదు. ఒకసారి విన్నవాడు రెండోసారి వంత పాడతాడు, మూడోసారి తన ఊరి షావుకారు సంగతి కూడా ఒక చరణంగా కలుపుతాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు 2020లో పోయేదాకా పట్టుకున్న దారి కూడా ఇదే. మనం నలుగురిలో మాట్లాడితే నవ్వుతారేమో అని సిగ్గుపడే మన యాసని ఆయన వేల మంది ముందు పాడి, వాళ్ళచేతా పాడించారు. మన యాస వాళ్ళకి దక్కిన లాభం చిన్నదేమీ కాదు.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయ్యాక కళాజాతాలు వచ్చాయి. సాయంత్రం జట్టు ఊళ్ళోకి దిగి, పాట పాడి, చిన్న నాటిక వేసి, రాత్రి బడికి రమ్మని పిలిచేది. అందరికీ తెలిసిన ఫలితం నెల్లూరు జిల్లా దూబగుంటది. 1991 ప్రాంతంలో అక్కడ చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా ఆపేయాల్సి వచ్చింది. ఆడవాళ్ళు రాత్రిపూట వీధిలో గుండ్రంగా కూర్చుని తమ ఇంటి సంగతి పైకి మాట్లాడటం చాలా ఊళ్ళలో అదే మొదలు. వాచకం వాళ్ళకి పై నుంచే వచ్చింది, కానీ దాని చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నది వాళ్ళ మాటే.

అక్కడి నుంచి కొంచెం దిగజారింది. కళాజాతా బాగా పనిచేస్తుందని తెలిశాక ప్రతి పథకానికీ ఒకటి తయారైంది. స్క్రిప్టు ఆఫీసులో రాస్తారు, జట్టు జీపులో వస్తుంది, ఫోటో తీసుకుని పక్క ఊరికి వెళ్ళిపోతుంది. ఆ జట్టులోని కళాకారులకి ఆ కూలి డబ్బులు చాలా అవసరం, వాళ్ళని ఒక్క మాట కూడా అనను. నా బాధ ఊరి గురించి. పాట మారింది, మైకు మారింది, ఊరివాళ్ళు మాత్రం కుర్చీలో కూర్చునే జనం అయిపోయారు.

ఈ చర్చ మన దగ్గర మాత్రమే కాదు, బయటా జరిగింది. బ్రిటన్‌లో 1997లో ఫ్రాంస్వా మటరాసో అనే పరిశోధకుడు, జనం పాల్గొనే కళల వల్ల 50 రకాల సామాజిక ప్రయోజనాలు ఉంటాయని నివేదిక ఇచ్చాడు: ధైర్యం, స్నేహాలు, కొత్త నైపుణ్యాలు, ఊరిమీద అభిమానం వగైరా. 2002లో పావొలా మెర్లీ దాన్ని గట్టిగా విమర్శించింది, ముందు ఎలా ఉన్నారో కొలవకుండా మారారని ఎలా చెప్తారని. అది సరైన ప్రశ్నే అని నేనూ అనుకుంటాను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3000కి పైగా అధ్యయనాలు తిరగేసి, కళలకి ఆరోగ్యంతో, మనసు కుదుటపడటంతో సంబంధం ఉందని తేల్చింది. అంటే పూర్తిగా ఊహ కాదు, అలాగని ఏ ప్రోగ్రాం పెట్టినా మేలు జరిగిపోతుందనీ కాదు.

ఇప్పుడు మన ఊళ్ళలో ఏం జరుగుతోందో చూడాలంటే రాత్రి వంటలయ్యాక రామమందిరం ముందుకి వెళ్ళండి. ఆడవాళ్ళ కోలాటం జట్లు చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఒకేరకం చీరలు, బ్లూటూత్ స్పీకరు, నేర్పించే గురువుకి తలా ఇంత. జడ కోలాటం చూడండి ముఖ్యంగా. పై నుంచి వేలాడే తాళ్ళని ఒక్కొక్కరూ ఒకటి పట్టుకుని, ఒకరి పక్కనుంచి ఒకరు లోపలికీ బయటికీ దాటుతూ పోతే పైన జడ అల్లుకుంటుంది, తర్వాత అదే లెక్కలో వెనక్కి నడిస్తే విడిపోవాలి. ఒక్కరు దారి తప్పితే ముడి పడిపోతుంది, ఎవరి తాడో కనుక్కుని ఆవిణ్ణి నెమ్మదిగా వెనక్కి నడిపించేదాకా అందరూ ఆగాల్సిందే. అత్త వయసావిడ తప్పు చేస్తే కోడలి వయసు పిల్ల "ఇటు కాదు పిన్నీ, అటు" అని చెయ్యి పట్టి తిప్పుతుంది. ఆ ఇద్దరివీ పగలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీధులు కూడా కాకపోవచ్చు. కొన్నాళ్ళకి జట్టులో ఒకరికి ఆపరేషన్ అయితే మిగతావాళ్ళు క్యారేజీలు పంపుతారు. అరసవల్లికో తిరుమలకో ఆడటానికి వెళ్తామంటే, ఒక్కతినీ గడప దాటనివ్వని ఇల్లు కూడా జట్టుతో కదా అని ఒప్పుకుంటుంది. ఇదంతా ఏ నివేదికలోకీ ఎక్కదు. అన్ని వీధులవాళ్ళనీ అన్ని జట్లూ చేర్చుకోవట్లేదు, ఆ పాత జబ్బు ఇంకా ఉంది, అది కూడా చెప్పాలి.

తప్పెటగుళ్ళ పరిస్థితి దీనికి తలకిందులు. ఛాతీ మీద రేకు తప్పెట కట్టుకుని, గజ్జెలతో, ఒకరి భుజాల మీద ఒకరెక్కి ఆడే ఆట అది, యాదవుల గంగమ్మ పండగలకీ, వాన కోసం మొక్కులకీ పుట్టింది. పదిహేను ఇరవై మంది కండబలం ఉన్న కుర్రాళ్ళు ఒకే ఊళ్ళో ఉండాలి. ఆ కుర్రాళ్ళు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలోనో, విశాఖలో కంపెనీలోనో, చెన్నైలోనో ఉన్నారు, సంక్రాంతికి వస్తారు. వలస వల్ల పోయేవాటి లెక్కలో ఇదీ రాయాలి.

కాబట్టి మీ ఊరికి ఏదైనా కళల ప్రాజెక్టు వస్తానంటే అడగాల్సినవి అడగండి. కథ ఎవరు ఎంచుకుంటారు? ఏ వీధి పిల్లలు ఉంటారు? ఉడుపులు, కోతల మధ్య పెడుతున్నారా, లేక వలస వెళ్ళినవాళ్ళు ఇంట్లో ఉండే నెలల్లోనా? తప్పెటలు, గజ్జెలు వాళ్ళు పట్టుకుపోతారా, ఊళ్ళోనే వదులుతారా? మీ వైపు నుంచి సామాజిక భవనం తాళం, రాత్రి తొమ్మిది దాకా ఒక లైటు, నేర్పగలిగిన పెద్దాయనకి నెలనెలా కొంత ఇవ్వగలిగితే, వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆట నడుస్తుంది.