పచ్చ లైటు వెలుగుతున్నా స్టోరేజ్ ఎందుకు కనబడలేదు?

శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ ఫొటోలు దాచే సర్వర్‌కు మళ్లీ స్టోరేజ్ కనబడకుండా పోయింది. ఎస్‌ఎఫ్‌పీ (స్విచ్ పోర్టులో పెట్టే, కేబుల్‌లోని కాంతిని సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) చెడిపోయిందని, ఆసుపత్రి కుర్రాళ్లు కేబుల్ కదిపారని మెయింటెనెన్స్ కంపెనీ అంటోంది. నిజం తెలియాలంటే తిత్లీ తుపాను నాటికి వెళ్లాలి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నీళ్లొస్తాయన్న భయంతో ఇక్కడ కింది గదిలోని శాన్ స్విచ్‌ను, అంటే సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే పెట్టెను, మేడ మీదికి చేర్చారు. ఏ సర్వర్‌కు ఏ స్టోరేజ్ కనబడాలో స్విచ్‌లో రాసిపెట్టడమే జోనింగ్. అప్పటిదాకా అదంతా పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) నంబర్లతోనే. సర్వర్‌ను స్విచ్‌కు కలిపే కార్డు మార్చినా ఫరవాలేదు, పోర్టు మారితేనే చిక్కు. ఆ హడావిడిలో కేబుళ్లను దొరికిన పోర్టులో గుచ్చేశారు. వచ్చిన కంపెనీ ఇంజినీరు రెండు సర్వర్లకు మాత్రం డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌తో, అంటే కార్డుకు ఫ్యాక్టరీలోనే పడే 16 అక్షరాల నంబరుతో, కొత్త జోన్లు రాశారు. మిగతా కేబుళ్లను పాత పోర్టుల్లోకి మార్చి వెళ్లిపోయారు. ఏది ఏ పద్ధతిలో ఉందో కాగితం మీద పెట్టలేదు. నా దృష్టిలో అసలు తప్పు ఇదే. స్కానింగ్ సర్వర్ ఆ రెండింటిలో ఒకటి.

ఈసారి దాని కార్డు మార్చింది కంపెనీయే. కార్డు కొత్తది, నంబరూ కొత్తది. జోన్‌లో మాత్రం పాత నంబరే ఉండిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఇలాగే కార్డులు మారుస్తున్నామని, ఎప్పుడూ ఇబ్బంది రాలేదని కంపెనీ వాదన. పోర్టు నంబర్ల జోన్లలో అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

సిస్టమ్స్ కుర్రాడి పక్కన కూర్చుని నేను చూశాను. ముందు పోర్టు ఎర్రర్ లెక్కలన్నీ సున్నా చేసి అరగంట ఆగాడు. సీఆర్‌సీ ఎర్రర్, అంటే దారిలో డేటా చెడిందని చెప్పే లెక్క, ఒక్కటీ పెరగలేదు. ఎస్‌ఎఫ్‌పీకి కాంతి సరిగ్గా అందుతోంది, పోర్టు ఆన్‌లైన్‌లోనే ఉంది, పచ్చ లైటూ వెలుగుతోంది. లెక్కలు సున్నా చేయకుండా చూస్తే ఎప్పటివో ఎర్రర్లు ఈ రోజువే అనిపిస్తాయి. కంపెనీ పంపిన స్క్రీన్‌షాట్ అలాంటిదే. తర్వాత స్విచ్‌షోలో, అంటే స్విచ్ పోర్టుల స్థితి చూపే కమాండ్‌లో, కనబడిన నంబరును జోన్‌లోని నంబరు పక్కన పెట్టాడు. చివరి ఆరు అక్షరాలు కలవలేదు.

ఆసుపత్రి వైపూ ఒక పొరపాటు ఉంది. కొత్త నంబరు చేర్చి సేవ్ చేశారు గానీ, ఎనేబుల్ చేయలేదు. రాసిపెట్టిన జోనింగ్ వేరు, అమల్లో ఉన్నది వేరు. దాంతో ఇంకో రెండు గంటలు పోయాయి. ఎనేబుల్ చేసిన నిమిషంలో సర్వర్‌కు స్టోరేజ్ కనబడింది.

ఈలోగా కంపెనీ కొత్త ఎస్‌ఎఫ్‌పీకి బిల్లు పంపింది. చెడిపోయిందని తీసేసిన పాతది ఇంకో పోర్టులో ఏ ఎర్రరూ లేకుండా పని చేస్తోంది.