కీబోర్డు ఆగిపోతే ముందు పోయిన కీలు రాసుకోండి

కీబోర్డు పనిచెయ్యడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది, మొత్తం పోయిందా లేక కొన్ని కీలే పోయాయా అని. కొన్నే అయితే ఏవేవి పోయాయో ఒక కాగితం మీద రాయమంటాను. దరఖాస్తుకి ఆఖరి రోజు, బయట పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇప్పుడు కాగితం, పెన్ను ఏంటి బాబాయ్ అంటారు. ఆ టెన్షన్ అర్థమవుతుంది. కానీ వైరు పదిసార్లు పీకి గుచ్చడం కంటే, కీలను వేలు నొప్పిపుట్టేలా నొక్కడం కంటే ఆ రెండు నిమిషాల రాత ఎక్కువ పనిచేస్తుంది. లోపం దుమ్ములో ఉందా, వైరులో ఉందా, లోపలి గీతలో ఉందా, అసలు కీబోర్డులో కాక కంప్యూటరు సెట్టింగుల్లో ఉందా అన్నది ఆ జాబితా చూస్తే చాలావరకు తేలిపోతుంది.

అది ఎలా తేలుతుందో తెలియాలంటే లోపల కీలను ఎలా కలిపారో చూడాలి. మామూలు పెద్ద కీబోర్డులో 104 కీలుంటాయి. ఒక్కో కీకి విడిగా ఒక్కో తీగ లాగితే వందకు పైగా తీగలు కావాలి, వాటన్నిటినీ చూసుకునే చిప్పు కూడా పెద్దదైపోతుంది. అందుకని కీలన్నిటినీ అడ్డం, నిలువు గీతల మీద అల్లుతారు. 8 అడ్డగీతలు, 18 నిలువు గీతలు ఉన్నాయనుకోండి, మొత్తం 26 గీతలతోనే 144 కూడళ్ళు వస్తాయి, 104 కీలు అందులో హాయిగా సర్దుకుంటాయి. కీ నొక్కడమంటే ఒక అడ్డగీతని ఒక నిలువు గీతకి తాకించడమే. లోపల ఒక చిన్న కంట్రోలర్ చిప్పు ఉంటుంది, అది నిలువు గీతల్ని ఒకదాని తర్వాత ఒకటి పలకరిస్తూ ఏ అడ్డగీతలో జవాబు వచ్చిందో చూసుకుంటూ పోతుంది, మనం టైపు చేస్తున్నా చెయ్యకపోయినా కరెంటు ఉన్నంతసేపూ ఆ పని ఆపదు.

ఇప్పుడు ఆ గీతల్లో ఒకటి ఎక్కడో తెగిందనుకోండి. పిల్లకాలువ పూడిపోతే దాని కింద పారే మళ్ళన్నీ ఎండిపోయినట్టు, ఆ గీత మీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి. తమాషా ఏమిటంటే ఈ గీతలు మనకి పైన కనపడే వరసల ప్రకారం తిన్నగా పోవు, కంపెనీ తన వీలుని బట్టి వంకరటింకరగా తిప్పుతుంది. అందుకే పోయిన కీలు ఒకచోట అక్షరం, ఇంకోచోట అంకె, ఆ మూల ఒక బాణం గుర్తు, ఇలా ఏ సంబంధమూ లేనట్టు కనిపిస్తాయి. చూసినవాళ్ళు కీబోర్డు మొత్తం పాడైపోయిందనుకుంటారు. నిజానికి పోయింది ఒక్క గీతే.

ఒంగోలు కర్నూలు రోడ్డులో డీటీపీ చేసే తెలిసిన కుర్రాడి కీబోర్డు ఇలాగే అయింది. రాసిన జాబితాలో కీలు చెల్లాచెదురుగా ఉన్నాయి, కానీ అన్నీ ఒకే ఉదయం పోయాయి. ఒకేసారి పోయాయంటే కారణం ఒక్కటే అయి ఉండాలి. వెనక స్క్రూలన్నీ విప్పినా మూత రాలేదు, స్టిక్కరు కింద ఇంకో స్క్రూ ఉంది, చాలా కీబోర్డుల్లో ఉంటుంది, లాగి విరగ్గొట్టకుండా స్టిక్కరు మీద వేలుపెట్టి గుంట తగులుతుందేమో చూసుకోవాలి. లోపల రబ్బరు బుడిపెల పొర, దాని కింద మూడు ప్లాస్టిక్ పొరలు. పై పొర మీదా కింది పొర మీదా వెండి సిరాతో అచ్చువేసిన గీతలుంటాయి, మధ్య పొరలో ప్రతి కీ దగ్గరా ఒక బెజ్జం. కీ నొక్కితే రబ్బరు బుడిపె పై పొరని ఆ బెజ్జంలోంచి కింది పొరకి ఆనిస్తుంది. ఆ గీతలన్నీ చివరికి ఒక అంచుకి చేరి అక్కడ చిన్న సర్క్యూట్ బోర్డు మీద నల్లటి కార్బన్ మచ్చలకి ఆని ఉంటాయి. గమనించండి, అక్కడ సోల్డరింగ్ ఉండదు, ఒక పట్టీ, రెండు స్క్రూలు వాటిని అదిమి పట్టుకుంటాయి, అంతే. ఆ పట్టీ ఒక పక్క వదులైంది, పొర అంచున సన్నగా మురికి పేరుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో ఆ అంచు మెల్లగా తుడిచి, పట్టీ సమంగా బిగిస్తే కీలన్నీ తిరిగొచ్చాయి. కొందరు అక్కడ పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు, కార్బన్ మచ్చల మీద అది వద్దు, పూత లేచిపోతుంది.

జాబితాలో ఒక్క కీయే ఉంటే కథ వేరు, లోపం దాదాపు ఎప్పుడూ ఆ కీ కిందే ఉంటుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ కోసే, పాలిష్ పట్టే చోట ఆఫీసుల్లో కీబోర్డుల్ని చూడండి, కీల సందుల్లో బూడిద రంగు పొడి పేరుకుని ఉంటుంది. రాతి పొడి కరెంటుని మోసుకుపోదు, షార్టు చెయ్యదు, కానీ కీ కిందికి దిగే దారిలో అడ్డం పడుతుంది. కీబోర్డుని తలకిందులుగా పట్టుకుని తట్టి, బ్లోయరుతో ఊది, బ్రష్షు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. కీ మూత పీకాల్సి వస్తే ముందు కీబోర్డుని ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడుగు కీల కింద ఒక ఇనుప కమ్మీ ఉంటుంది, దాని కొక్కేలు విరిగితే ఆ కీ ఎప్పటికీ వంకరగానే దిగుతుంది, కాబట్టి వాటి జోలికి తప్పదంటేనే వెళ్ళాలి.

ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడటం కూడా ఇక్కడి జబ్బే. రెండు లోహపు పూతలు తాకినప్పుడు అవి వెంటనే కుదురుకోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు తాకుతూ వదులుతూ ఉంటాయి. కంట్రోలర్‌కి ఇది తెలుసు కాబట్టి కాసేపు ఆగి అంతా ఒకే నొక్కుగా లెక్కేసుకుంటుంది. తాకే చోట మురికిపడితే ఆ అల్లాడటం ఎక్కువసేపు సాగి, చిప్పు ఆగే సమయాన్ని దాటిపోతుంది, దాంతో ఒక నొక్కు రెండవుతుంది.

మన ఒంగోలు, నెల్లూరు తీరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తపట్నం, సింగరాయకొండ, మైపాడు, కృష్ణపట్నం వైపు కీబోర్డులకి ఉప్పుగాలి పెద్ద శత్రువు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరలో ఉప్పుంటుంది, గాలితో వచ్చి కీబోర్డు మీదా లోపలా కంటికి కనపడనంత పలచగా పరుచుకుంటుంది. పొడిగా ఉన్నంతవరకు దానివల్ల పెద్ద నష్టం లేదు. కానీ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని లాక్కుని తనే నీళ్ళవుతుంది, వానాకాలం జాడీలో ఉప్పు చెమర్చేది ఇందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. అంటే ఇస్కపల్లి ఉప్పు కొటార్ల పక్క ఊళ్ళో ఉండే కీబోర్డు మనకి పొడిగా కనిపించినా లోపల ఎప్పుడూ ఒక చెమ్మ పొర మీద ఉన్నట్టే. ఉప్పునీళ్ళు కరెంటుని బాగా మోస్తాయి. పక్కపక్క గీతల మధ్య కరెంటు కారి, నొక్కని అక్షరాలు వాటంతటవే పడతాయి. ఇంకో సంగతి, తడి, వోల్టేజీ రెండూ కలిస్తే గీతలోని వెండి కరిగి అయాన్లుగా కదిలి పక్క గీత వైపు వేళ్ళలా పెరుగుతుంది, అవి రెండో గీతని తాకాయంటే షార్టే. ఇంకొన్ని చోట్ల గీత నల్లబడి తెగిపోతుంది. తెగిన గీతకి వాహక సిరా, అంటే కరెంటుని మోసే సిరా, పూసి అతకొచ్చు, కానీ చాలాచోట్ల నల్లబడితే ఇక దాన్ని వదిలెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. తీరం ఊళ్ళలో రాత్రిపూట కీబోర్డు మీద గుడ్డ కప్పడం, కిటికీకి ఎదురుగా పెట్టకపోవడం ఖర్చులేని పనులు, దాని ఆయుష్షు నిజంగా పెరుగుతుంది.

మొత్తం కీబోర్డే పలకకపోతే నమ్మకమైన పరీక్ష ఒకటుంది, క్యాప్స్ లాక్ నొక్కి లైటు చూడటం. ఆ లైటుని కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. కీ నొక్కారన్న కబురు కంప్యూటరుకి వెళ్తుంది, లైటు వెయ్యమని కంప్యూటరు తిరిగి చెబుతుంది, అప్పుడు వెలుగుతుంది. అంటే లైటు మారుతోందంటే వైరూ పోర్టూ కంట్రోలరూ అన్నీ బాగున్నట్టే, పోను దారీ రాను దారీ రెండూ తెరిచి ఉన్నాయి, ఇక వెతకాల్సింది సెట్టింగుల్లో. లైటు మారకపోతే కంప్యూటరు బిగుసుకుపోయి ఉండొచ్చు, మౌస్ కదులుతుందో లేదో చూడండి. మౌస్ బాగానే ఉంటే కీబోర్డు వైరుని తీసి వెనక వైపు పోర్టులో పెట్టండి, ఎందుకంటే ముందు పోర్టులు క్యాబినెట్ లోపల ఇంకో సన్న వైరుతో మదర్‌బోర్డుకి చేరతాయి, ఆ జాయింటు తరచూ వదులవుతుంది. పాత గుండ్రటి పీఎస్/2 పిన్ను అయితే మాత్రం కంప్యూటరు ఆపాకే పెట్టాలి, నడుస్తుండగా పీకి పెట్టే ఏర్పాటు దానికి లేదు. ఎలుకలు తిరిగే షాపుల్లో వైరు పొడవునా వేలితో తడిమి చూడండి. ఎలుక కొరక్కపోయినా కీబోర్డులోకి వైరు దూరే చోట పదేపదే వంగి లోపలి తీగ తెగుతుంది, అక్కడ వైరుని కదిలిస్తే కీబోర్డు వచ్చి పోతూ ఉంటే దొంగ దొరికినట్టే. వైర్‌లెస్ దానికైతే ముందు బ్యాటరీలు చూడండి, ఆ తర్వాత కంప్యూటరుకి గుచ్చే చిన్న రిసీవరు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన హార్డ్‌డిస్క్ నడుస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుడుతుంది, రిసీవరు వాడుకునేదీ ఆ తరంగాలే, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో రిసీవరుని దూరం జరిపితే కుదుటపడుతుంది.

షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేశాను, అయినా రాలేదు అంటారు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ చాలా కంప్యూటర్లలో షట్‌డౌన్ అంటే పూర్తిగా మొదటికి రావడం కాదు, వేగంగా లేవడం కోసం లోపలి స్థితిని డిస్కులో దాచుకుంటుంది, డ్రైవరులో, అంటే కీబోర్డుని నడిపే ప్రోగ్రాములో, పుట్టిన తికమక కూడా దాంతోపాటే దాక్కుంటుంది. మౌస్‌తో రీస్టార్ట్ నొక్కండి, అప్పుడే అంతా కొత్తగా మొదలవుతుంది. లేచేటప్పుడు, విండోస్ రాకముందే, బయోస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్ళగలిగితే, అంటే డిలీట్, ఎఫ్2 లాంటి కీ అక్కడ పనిచేస్తే, కీబోర్డులో తప్పు లేదు, విండోస్‌లో ఉంది. ఈలోపు పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే లాగిన్ తెర కింది మూల ఉండే యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి తెరమీది కీబోర్డుని మౌస్‌తో వాడుకోవచ్చు.

సెట్టింగుల్లో నేను ఎక్కువగా చూసేది ఫిల్టర్ కీస్. కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కి ఉంచితే అది రమ్మంటారా అని అడుగుతుంది, చదవకుండా ఎంటర్ కొడితే వచ్చేస్తుంది. ఆఫీసుల్లో ఫైళ్ళ కట్ట తెచ్చి కీబోర్డు మీదే పెడతారు కదా, అప్పుడు జరిగేది ఇదే. చేతులు వణికేవాళ్ళకి ఉపయోగపడాలని పెట్టిన మంచి సదుపాయం అది, చిన్న నొక్కుల్ని పట్టించుకోదు, అందుకే మామూలు వేగంతో టైపు చేసేవాళ్ళకి కీబోర్డు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ఒక కీని రెండు సెకన్లు అలాగే నొక్కి ఉంచి చూడండి, అక్షరం పడిందంటే అదే కారణం. ఇంగ్లీషు హెచ్ కొడితే ప, జె కొడితే ర పడుతుంటే భాష తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికకి మారింది, విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే వెనక్కి వస్తుంది. కొన్ని చిన్న ల్యాప్‌టాపుల్లో యు, ఐ, ఓ బదులు 4, 5, 6 పడితే నమ్ లాక్ తియ్యాలి.

టీ ఒలికితే ఆలోచించకుండా వైరు పీకెయ్యండి, తర్వాత తలకిందులు చెయ్యండి. తడి కంటే తడిలో పారే కరెంటు ఎక్కువ నాశనం చేస్తుంది. బియ్యంలో పెట్టమని చెబుతారు, నెల్లూరు మొలగొలుకుల బియ్యమే అయినా పొరల మధ్య చిక్కుకున్న నీళ్ళని అది బయటికి లాగలేదు. పాలు, పంచదార ఎండితే జిగురవుతాయి కాబట్టి కడగక తప్పదు. వైరున్న మామూలు కీబోర్డుని విప్పి, సర్క్యూట్ బోర్డు పక్కన పెట్టి, మిగతాది ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగొచ్చు, మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి వాటితో వద్దు. శానిటైజర్ కూడా వద్దు, అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది ఆరదు. ఆరబెట్టడం నీడలో, ఫ్యాను కింద, తొందరపడకుండా. మే నెల ఎండలో మేడ మీద పెడితే పలచటి పొరలు వంకరపోతాయి.

ల్యాప్‌టాప్‌లో ఇవేవీ ఇంట్లో చెయ్యొద్దు, కీబోర్డు కిందే మదర్‌బోర్డు ఉంటుంది. తడవకుండానే కీలు ఆగితే పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి ఉంచి మళ్ళీ వేసి చూడండి. లోపం కీబోర్డుదో కాదో తేల్చుకోడానికి బయట నుంచి ఒక యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే చాలు, అది పనిచేస్తే లోపలి రిబ్బన్ కేబుల్ వదులైందో కీబోర్డు పోయిందో మెకానిక్ చూస్తాడు. కానీ మధ్యలో కీలు పైకి ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ లేచినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా అది కీబోర్డు సమస్య కాదు, కింద లిథియం బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది. వెంటనే ఛార్జింగ్ తీసెయ్యండి, ల్యాప్‌టాప్ ఆపెయ్యండి, ఉబ్బిన చోట నొక్కి సరిచెయ్యాలని చూడొద్దు, పరుపు మీదో బట్టల మీదో కాకుండా గచ్చు మీద పెట్టి, బ్యాటరీ తియ్యడం తెలిసినవాళ్ళని పిలవండి.